మొలవని విత్తనము: కమిషను ముందు నిలిచే సాక్ష్యము

పూండి, పలాస, టెక్కలి ప్రాంతముల రైతులు ఖరీఫుకు ముందు వరి విత్తనమును సంచుల లెక్కన కొని తెచ్చుకొందురు. నారు పోసిన వారము పది రోజులకు మడి పచ్చబడనిచో మొదట దుకాణమునకు పోదురు. దుకాణదారు "నీరు ఎక్కువ కట్టినావు" అనును. కంపెనీ మనిషి వచ్చినచో "ఇది ఉప్పు నేల" అనును. రైతు "ఇత్తనమే బాగోనేదు బాబూ" అనును. ఈ ముగ్గురిలో ఎవరి మాట నిజమో తేల్చగల వస్తువులు మూడే ఉన్నవి: మిగిలిన గింజ, సంచికి కుట్టిన చీటీ, పొలములో నిలిచిన మొక్కలు. తగవు వినియోగదారుల కమిషను ముందుకు వెళ్ళు నాటికి ఈ మూడును చాలవరకు మాయమై ఉండును. గింజ అంతయు మడిలో పడును. సంచి ధాన్యము పోసుకొనుటకు పనికివచ్చును. అదను దాటిపోవునని మడిని రైతు మరల దున్నివేయును.

ఆ వస్తువులను ఎట్లు నిలుపుకొనవలెనో, వానిని ఎవరు ఎట్లు పరీక్షింతురో, ఆ పరీక్ష ఏమి చెప్పునో, ఏమి చెప్పలేదో రైతులును గ్రామోద్యోగులును ఎరిగియుండుట అవసరము.

చట్టము ఏమి అడుగును?

వినియోగదారుల రక్షణ చట్టము మొదట 1986లో వచ్చినది. ఇప్పుడు అమలులో ఉన్నది 2019 నాటి చట్టము. ఇది 2020 జూలైలో అమలులోకి వచ్చినది. వస్తువులో లోపమున్నదని ఫిర్యాదు వచ్చి, ఆ లోపము పరీక్ష లేనిదే తేలదని తోచినచో, జిల్లా కమిషను ఫిర్యాదుదారు నుండి నమూనా తీసుకొని, సీలు వేసి, తగిన ప్రయోగశాలకు పంపవలెను. ప్రయోగశాల 45 రోజులలో నివేదిక ఇయ్యవలెను. కమిషను ఆ గడువును పెంచవచ్చును. పరీక్ష రుసుమును ఫిర్యాదుదారు ముందుగా చెల్లింపవలసి ఉండును. నివేదిక తప్పనిగాని, పరీక్షించిన పద్ధతి తప్పనిగాని తోచిన పక్షమువారు వ్రాతమూలకముగా ఆక్షేపణ తెలుపవచ్చును. ఇది కొత్త చట్టములో 38వ సెక్షను. పాత చట్టములో 13వ సెక్షను.

మిక్సీకో, మోటారుకో ఈ నియమము చక్కగా సరిపోవును. పాడైన మోటారు ఇంటిలోనే పడియుండును. ఎప్పుడు కావలెనన్నను తెచ్చి చూపవచ్చును. విత్తనము అట్టిది కాదు. దానిని వాడుట అనగా దానిని లేకుండ చేయుటయే. ఈ సంగతిని ఆధారము చేసికొని విత్తన సంస్థలు ఎంతోకాలము ఒకే వాదమును వినిపించినవి: "నమూనాను ప్రయోగశాలకు పంపలేదు, కనుక లోపము రుజువు కాలేదు."

ఈ వాదమునకు సమాధానము మన ఆంధ్ర రైతుల వ్యాజ్యములలోనే లభించినది. 1998లో సుప్రీంకోర్టు మహారాష్ట్ర హైబ్రిడ్ సీడ్స్ కంపెనీకి, ఆంధ్రప్రదేశ్ రైతుకు నడుమ వచ్చిన వివాదమును తీర్చినది. రైతు తాను కొన్న విత్తనమంతయు చల్లివేసి ఉండవచ్చును, పరీక్షకు పంపుటకు అతని వద్ద ఏమియు మిగిలి ఉండకపోవచ్చును. పరీక్ష అవసరమనుకొన్నచో ఆ కంపెనీయే ఫోరమును కోరి ఉండవలసినది, అని కోర్టు భావించినది.

2012 జనవరి 16న వచ్చిన తీర్పు ఇంకను పెద్దది. నేషనల్ సీడ్స్ కార్పొరేషను అమ్మిన విత్తనము వలన పంట దెబ్బతిన్నదని కర్నూలు, మహబూబ్‌నగర్ మొదలైన జిల్లాల రైతులు ఫోరములకు వెళ్ళగా, వారికి నష్టపరిహారము లభించినది. కార్పొరేషను సుప్రీంకోర్టు వరకు పోయి రెండు మాటలు గట్టిగా చెప్పినది. విత్తనములకు 1966 నాటి ప్రత్యేక చట్టము ఉండగా వినియోగదారుల ఫోరమునకు పని లేదన్నది ఒకటి. నమూనా పరీక్ష జరుగలేదన్నది రెండవది. విత్తన చట్టములో నష్టపడిన రైతుకు పరిహారమిచ్చు ఏర్పాటు లేదు కనుక రైతు ఫోరమునకు పోవచ్చునని కోర్టు మొదటిదానిని త్రోసివేసినది. రెండవదానికి ఇచ్చిన జవాబు రైతు మనసు తెలిసిన జవాబు: విత్తనము చెడ్డదగునేమో, రేపు రుజువు చేయవలసివచ్చునేమో అని ముందే అనుకొని కొంత గింజను ఎవడును వేరుగా పెట్టుకొనడు. వ్యవసాయ నిపుణుల నివేదికలు ఫోరముల ఎదుట ఉన్నవి, వానిని బట్టి లోపము తేలినది, అది చాలును. పెద్ద ఎత్తున విత్తనము అమ్ము సంస్థ తన వద్ద నమూనాలు ఉంచుకొనియుండునని, కావలెనన్నచో తానే పరీక్ష చేయించుకొనవచ్చునని కూడ కోర్టు చెప్పినది.

అయినను గింజను దాచవలసినదే

ఈ తీర్పులు చూచి "ఇక మనము ఏమియు దాచనక్కరలేదు" అనుకొనుట పొరపాటు. గింజ లేకపోయినను ఆ రైతులు గెలిచినది వారి చేతిలో మంచి నివేదికలు ఉండుట వలన. నివేదిక బలహీనమైనచో ఏమగునో 2005లో హర్యానా విత్తనాభివృద్ధి సంస్థ కేసులో తేలినది. అచ్చట వ్యవసాయాధికారులు పొలము చూచి, పంట ఒకచోట ఒకరీతిగ, మరొకచోట మరొకరీతిగ ఉన్నదని వ్రాసినారు. దానికి విత్తనమే కారణమని వ్రాయలేదు. పంటలో తేడాలకు నేల, నీరు, ఎరువు వంటి కారణములు ఉండవచ్చునని సుప్రీంకోర్టు రైతుకు వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. పొలము చూచి వ్రాయు మా శాఖవారు ఈ తీర్పును ఒకసారి చదువుట మంచిది. "మొలక తక్కువగా ఉన్నది" అని వ్రాసి సంతకము చేసినంత మాత్రమున పని అయినట్లు కాదు.

ఇక కంపెనీ వద్ద ఉండు నమూనా సంగతి. 1968 నాటి విత్తన నిబంధనలలో 13వ నిబంధన ప్రకారము విత్తన వ్యాపారి తాను అమ్మిన ప్రతి లాటు వివరములను మూడు సంవత్సరముల పాటు ఉంచవలెను. నమూనాను మాత్రము ఆ లాటు పూర్తిగా అమ్ముడుపోయిన ఒక సంవత్సరము తరువాత పారవేయవచ్చును. అదే నిబంధనలో మరియొక మాట ఉన్నది. దానిని చాలమంది గమనింపరు. ఆ నమూనాను పరీక్షింపవలసివచ్చినచో స్వచ్ఛత కొరకు మాత్రమే పరీక్షింపవలెను. దీనికి కారణము సులభము. గింజ ప్రాణముగలది, బీరువాలో ఉన్నను నెల నెలకు దాని మొలకశక్తి తగ్గుచుండును. ఏడాది నిలువ ఉన్న నమూనాను మొలకెత్తించి, జూన్ నెలలో అది ఎట్లుండెనో చెప్పుట కుదరదు. కాబట్టి రకము కలిసినదని తగవు వచ్చినప్పుడు కంపెనీ నమూనా పనికివచ్చును. మొలవలేదని తగవు వచ్చినప్పుడు రైతు దాచిన గింజ, రైతు సకాలములో పిలిచిన అధికారి, ఈ రెండే దిక్కు.

వరికి ప్రయోగశాలకు పంపవలసిన నమూనా 400 గ్రాములు. సంచి విప్పిన రోజుననే, మందు కలుపకముందే, పై నుండి, నడుమ నుండి, అడుగు నుండి గింజను తీసి బాగుగా కలిపి, అరకిలో చొప్పున రెండు మూటలు కట్టుకొనవలెను. గుడ్డ సంచిగాని మందపు కాగితపు సంచిగాని మంచిది. ప్లాస్టిక్ సంచిలో కట్టినచో ఉద్దానపు ఉక్కకు గింజ చెమ్మగిల్లి బూజు పట్టును. అయితే గింజలోని తేమ శాతము గురించియే తగవైనచో గాలి చొరని డబ్బా కావలెను. మూటలో ఒక కాగితము వేసి, దాని మీద పంట, రకము, లాటు నంబరు, కొన్న తేది, సంచి విప్పిన తేది వ్రాసి, ఇరుగుపొరుగు రైతులు ఇద్దరిచేత సంతకము చేయించవలెను. ఆ పైన దారముతో కట్టి లక్క ముద్ర వేసినచో మేలు. రైతు స్వయముగా కట్టిన మూటను "అది మా గింజ కాదు" అని కంపెనీ అనవచ్చును, అనును కూడ. అందుచేత ఒకే లాటు కొన్న రైతులు నలుగురైదుగురు కలిసి, వీలైనచో ఒక సంచిని కుట్టు విప్పకుండ పది పదిహేను రోజులు ఆపుట అన్నిటికంటె గట్టి పని. కుట్టు చెక్కుచెదరని సంచిని కాదనుట ఎవరికిని సాధ్యము కాదు. మొలక బాగుగా వచ్చినచో ఆ సంచిని ఆలస్యపు మడికి వాడుకొనవచ్చును.

సంచి, చీటీ, బిల్లు

ధ్రువీకరించిన విత్తనమునకు నీలపు చీటీ, మూల విత్తనమునకు తెల్ల చీటీ, ప్రజనన విత్తనమునకు బంగారు పసుపు చీటీ ఉండును. కంపెనీ తన మాట మీద అమ్ము విత్తనమునకు ఆకుపచ్చ చీటీ ఉండును. చీటీ మీద లాటు నంబరు, పరీక్షించిన తేది, కాలపరిమితి ఉండును. ధ్రువీకరించిన విత్తనమునకు సాధారణముగా పరీక్ష నాటి నుండి తొమ్మిది నెలల గడువు. కుట్టు విప్పునప్పుడు చీటీని చింపివేయుట మనవారికి అలవాటు. దానిని బిల్లుతో కలిపి ఇనుపపెట్టెలో పెట్టవలెను. బిల్లు మీద లాటు నంబరు లేనిచో దుకాణములోనే అడిగి వ్రాయించుకొనవలెను. నంబరు లేని బిల్లు, మీరు ఏదో ఒక విత్తనము కొన్నారని మాత్రమే చెప్పును. ఆ సంచియే కొన్నారని చెప్పదు.

మొలవలేదని తెలిసిన రోజున

నానబెట్టి మండె కట్టువారికి మొదటి సూచన మండెలోనే కనిపించును. ముక్కు పగులవలసిన వేళకు గింజలు పగులనిచో, అన్నిటిని మడిలో చల్లక అక్కడనే ఆగవలెను. చేతికి వచ్చినట్లు 400 గింజలు తీసి, వందేసి చొప్పున నాలుగు తడి గోనెలలో పరచి లెక్కించవలెను. అయితే మండె మరీ వేడెక్కినచో మంచి విత్తనపు మొలక కూడ చచ్చును. అందుచేత మండెలోని గింజ ఒక్కటియే సాక్ష్యము కాలేదు. పైన చెప్పిన పొడి గింజ మూట దానికి తోడుండవలెను.

పొడి మడిలో పోసినవారికి, వెద చల్లినవారికి పొలమే సాక్షి. ఇచ్చటనే రైతుకు పెద్ద చిక్కు వచ్చును. మడిని అట్లే ఉంచినచో అదను తప్పును. దున్నివేసినచో సాక్ష్యము పోవును. దీనికి మార్గమున్నది. మడిలో ఒక భాగమును, వెద పొలమైనచో రెండు మూడు సెంట్లను, నాలుగు మూలల కర్రలు పాతి వదలివేసి, తక్కినదానిని దున్ని మరల విత్తుకొనవచ్చును. వదలిన భాగము గట్టు వారగాగాని, నీరు నిలుచు పల్లములోగాని, మెరకలోగాని ఉండరాదు. పొలము మొత్తమునకు ప్రతినిధిగా నిలువగల చోటై ఉండవలెను. దున్నుటకు ముందు సెల్ ఫోనుతో, తేది కనబడునట్లు, గట్టున ఉన్న చెట్టో గుడిసెయో గుర్తుగా పడునట్లు ఫొటోలు తీయవలెను.

అదే రోజున వ్రాతమూలకముగా ఫిర్యాదు ఇయ్యవలెను. నోటిమాట పనికిరాదు. గ్రామములోని రైతు సేవా కేంద్రము ద్వారా మండల వ్యవసాయాధికారికి పంపి, నకలు మీద ముట్టినట్లు సంతకము తీసికొనవలెను. విత్తన నిబంధనలలో 23-ఎ అనునది ఇట్టి సందర్భమునకే ఉన్నది. నోటిఫై అయిన రకపు విత్తనము మంచిది కాకపోవుట వలన పంట పోయినదని రైతు వ్రాసి ఇచ్చినచో, విత్తన ఇన్‌స్పెక్టరు చీటీలను, సంచులను, మిగిలిన గింజలో వీలైనంత నమూనాను స్వాధీనము చేసికొనవలెను. ఆ లాటు నమూనాలను విత్తన పరీక్షా ప్రయోగశాలకు పంపి పంట పోయిన కారణమును విచారించవలెను. ఇది ఆయన దయ కాదు, విధి. విత్తన చట్టములోని 14వ సెక్షను ప్రకారము ఆయన దుకాణదారు వద్దనే కాక, కొన్న రైతు వద్ద నుండి కూడ నమూనా తీయవచ్చును. తీసిన నమూనాను మూడు భాగములు చేసి, ఒకటి ఎవరి వద్ద తీసిరో వారికి ఇచ్చి, ఒకటి విశ్లేషకునికి పంపి, ఒకటి తన వద్ద ఉంచుకొనును. న్యాయస్థానములో విశ్లేషకుని నివేదిక మీద తగవు వచ్చినచో ఆ మూడవ భాగమే కేంద్ర విత్తన పరీక్షా ప్రయోగశాలకు వెళ్ళును. కేంద్ర ప్రయోగశాల నివేదిక వచ్చిన తరువాత క్రింది నివేదిక చెల్లదు.

పొలము చూచువారు వ్రాయవలసినది

నారుమడిలో లెక్క చూచుటకు 10 సెంటీమీటర్ల చదరపు తీగ చట్రము చాలును. ఎకరమునకు 25 కిలోల విత్తనము 5 సెంట్ల మడిలో పోసిరనుకొందము. వెయ్యి గింజల బరువు 20 గ్రాములైనచో మడిలో పన్నెండున్నర లక్షల గింజలు పడినవి. 5 సెంట్లు సుమారు 200 చదరపు మీటర్లు. అనగా చట్రము పడినచోట 62 గింజలుండవలెను. నూటికి 80 మొలచినచో 50 మొక్కలు కనబడవలెను. పక్షులు, చీమలు తినుట వలనను, చల్లుటలో తేడా వలనను కొంత తగ్గుట సహజము. పది చోట్ల చట్రము వేసి సగటున పదిహేనో ఇరవయ్యో వచ్చినచో అది సహజమైన తగ్గుదల కాదు. మొక్కలు లేనిచోట మట్టి త్రవ్వి చూడవలెను. గింజ అక్కడనే కుళ్ళి ఉన్నదా, మొలచి చచ్చినదా, అసలు లేదా? గింజయే లేనిచో దోషము పిట్టలదో చల్లినవారిదో అగును. మొలచి మాడినచో ఉప్పునో ఎండనో అనుమానించవలెను. తీరపు గ్రామములలో నీటిని, మట్టిని ఉప్పు కొరకు పరీక్షింపకుండ నివేదిక వ్రాయుట కంపెనీ వకీలుకు మనమే దారి చూపుటయగును.

అన్నిటికంటె విలువైనది పోలిక. అదే లాటు వేసిన ఇతర రైతుల మడులు ఎట్లున్నవి? అదే పొలములో, అదే నీటితో, వేరే లాటు వేసిన మడి ఎట్లున్నది? ఒకే లాటు ఐదు గ్రామములలో, ఐదు రకముల నేలలలో మొలవక, పక్క మడిలోని వేరొక లాటు చక్కగా మొలచినచో కారణము చెప్పుటకు పెద్ద శాస్త్రము అక్కరలేదు. ఒక రైతు మడి మాత్రమే పోయి, తక్కిన నలుగురి మడులు పచ్చగా ఉన్నచో విత్తనమును నిందించుట కష్టము. అట్టప్పుడు ఆ రైతుకు ఉన్నమాట చెప్పి, వ్యాజ్యపు ఖర్చు తప్పించుట కూడ మన పనియే.

పొలము చూచు తేదిని దుకాణదారునకు, కంపెనీకి ముందుగా తెలుపవలెను. వారు రాకపోయినను తెలిపిన ఉత్తరము దస్త్రములో ఉండును. హర్యానా వ్యవసాయ శాఖ 2002లోనే ఇట్టి తనిఖీకి శాఖాధికారులు ఇద్దరు, విత్తన సంస్థ ప్రతినిధి ఒకరు, శాస్త్రవేత్త ఒకరు కలిసి వెళ్ళవలెనని ఉత్తర్వు చేసినది. కంపెనీకి చెప్పకుండ ఒక్కరే చూచి వ్రాసిన నివేదికల మీద న్యాయస్థానములలో తరచుగా ఆక్షేపణలు వచ్చుచున్నవి. సర్వే నంబరు, విస్తీర్ణము, లాటు నంబరు, విత్తిన తేది, వాన, నీరు, లెక్కించిన మొక్కలు, పోలిక, వీని తరువాత చివరన తన అభిప్రాయములో కారణమును స్పష్టముగా వ్రాయవలెను. తెలియనిచో తెలియదని వ్రాయవలెను.

ప్రయోగశాలలో జరుగునది

విత్తన పరీక్ష పుట్టినదే మోసము వలన. 1869లో ఇంగ్లండులో విత్తన కల్తీ చట్టము వచ్చినది. ఆ రోజులలో వర్తకులు పాత గింజకు రంగు వేసి అమ్ముచుండిరి. అంతకంటె చిత్రము, చౌక గింజను ముందే చంపి మంచి గింజలో కలుపుచుండిరి. చచ్చిన గింజ మొలవదు కనుక కల్తీ బయటపడదు. అదే 1869లో జర్మనీలోని థారాంట్‌లో నోబ్బె అను శాస్త్రజ్ఞుడు మొదటి విత్తన పరీక్షా కేంద్రమును నెలకొల్పెను. మన దేశములో 1961లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో విత్తన పరీక్షా ప్రయోగశాల ఏర్పడినది. ఇప్పటి కేంద్ర విత్తన పరీక్షా ప్రయోగశాల వారణాసిలో ఉన్నది.

మొలక పరీక్షకు శుభ్రమైన గింజలు 400 తీసికొని, వంద చొప్పున తడి కాగితములో పెట్టి, తగిన వేడిలో ఉంచుదురు. వరికి ఐదవ రోజున ఒకసారి, పదునాలుగవ రోజున చివరిసారి లెక్క. బయటికి వచ్చిన ప్రతి మొలకయు లెక్కకు రాదు. వేరు, కాండము సరిగా ఉండి మొక్క కాగలిగినదే సరియైన మొలక. వంకరవి, వేరు లేనివి, కుళ్ళినవి వేరుగా లెక్కింతురు. ధ్రువీకరించిన వరి విత్తనము నూటికి 80 మొలవవలెను. శుద్ధమైన గింజ 98 శాతము ఉండవలెను. మామూలు సంచిలో తేమ 13 శాతము మించరాదు. వేరుశనగకు మొలక 70, మినుముకు, పెసరకు 75.

ప్రయోగశాలలో గింజకు అన్ని సౌకర్యములు ఉండును. అందుచేత అచ్చటనే మొలవని గింజ పొలములో మొలవదని నిశ్చయముగా చెప్పవచ్చును. దీని తిరుగుమాట అంత నిశ్చయము కాదు. ప్రయోగశాలలో 82 మొలచిన గింజ బలహీనమైనదైనచో, వాన తరువాత పెచ్చు కట్టిన నేలను చీల్చుకొని రాలేకపోవచ్చును. మొలక శాతము వేరు, గింజ సత్తువ వేరు. చీటీ మీది అంకె సత్తువను చెప్పదు.

కొత్తగా కోసిన వరి గింజ కొన్ని వారములు నిద్రలో ఉండును. ప్రయోగశాలవారు ఆ నిద్రను పోగొట్టి పరీక్షింతురు. నివేదికలో "చచ్చినవి" అని ఉన్నదో, "మొలవని తాజా గింజలు" అని ఉన్నదో చూచుకొనవలెను. రెండును ఒకటి కావు.

రకములో బెరకు

మొలచి, ఏపుగా పెరిగి, వెన్ను తీయువేళ సగము మొక్కలు ముందుగా ఈని తక్కినవి పొట్టలో ఉన్నచో, అది రకము కలిసిన విత్తనము. ఇచ్చట మొలక పరీక్షతో పని లేదు. మొలక నూటికి నూరున్నను రకము కలిసి ఉండవచ్చును. దీనికి సాక్ష్యము నిలిచిన పంటయే. కోతకు ముందే, పూత దశలో, అధికారిని పిలువవలెను. పొలమంతట పలుచోట్ల కొన్ని వందల మొక్కలను వరుసగా లెక్కించి, ఎత్తు, ఈనిన తేది, గింజ తీరులో తేడాగా ఉన్నవానిని వేరుచేసి వ్రాయవలెను. కోసి కుప్ప వేసిన తరువాత వచ్చి "బెరకులున్నవి" అనినచో కళ్ళము దుమ్మే మిగులును. వివాదము ముదిరినచో కంపెనీ వద్ద ఉన్న నమూనాను అసలు రకము పక్కన నాటి పోల్చు పరీక్షయు, నేడు డి.ఎన్.ఏ. పరీక్షయు ఉన్నవి. అయితే పోయిన ఏడు అదే పొలములో వేరే రకము వేసియుండగా రాలిన గింజ మొలచుట కూడ బెరకుగా కనిపించును. ఇది వరుస తప్పి, సాళ్ళ నడుమ మొలచును గనుక నాటిన పొలములో గుర్తుపట్టుట కష్టము కాదు.

పురుగుమందులకు 1968 నాటి వేరొక చట్టము ఉన్నది. నమూనాను అచ్చటను ఇన్‌స్పెక్టరు మూడు భాగములుగా తీయును. విశ్లేషకుని నివేదికను కాదనదలచినవారు అది ముట్టిన 28 రోజులలో వ్రాతమూలకముగా తెలుపవలెను, లేనిచో ఆ నివేదికయే తుదిమాట. రైతు చేయవలసినది సీసాను, అందులో మిగిలిన మందును, పెట్టెను కడుగక ఉంచుట. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టినచో ఏ మందు వలన ఆకు మాడినదో ఏ ప్రయోగశాలయు చెప్పలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వద్ద తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను పడగొట్టిన తరువాత ఎన్నో మొక్కలు కొని నాటవలసివచ్చినది. మొక్కల విషయములో తగవు ఇంకను కష్టము. పొడుగు రకపు కొబ్బరి కాపుకు వచ్చుటకు ఆరేడు ఏండ్లు పట్టును. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు కారణము ఏర్పడిన నాటి నుండి రెండేండ్లు. తగిన కారణము చూపినచో ఆలస్యమును కమిషను మన్నింపవచ్చును, కాని దానిని నమ్ముకొనరాదు. జీడి అంటును దింపుకొనునాడే అతుకును చూడవలెను. అతుకు లేనిది అంటు కాదు, విత్తన మొక్క. నాటిన తరువాత పైకొమ్మ చచ్చి అడుగు నుండి చిగిరించినచో పెరుగునది వేరుమొక్కయే. దానికి నర్సరీవానిని నిలదీయుట చెల్లదు. అతుకు ఉన్నప్పుడు, లేనప్పుడు తీసిన ఫొటో ఒక్కటి ఆ తగవును తేల్చును.

ఫిర్యాదు దాఖలు

శ్రీకాకుళములోని జిల్లా కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చును. కంపెనీ ఏ నగరములో ఉన్నను, ఫిర్యాదుదారు నివసించు జిల్లాలో వేయుటకు 2019 చట్టము అనుమతించుచున్నది. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయలకు లోబడి ఉన్నచో దాఖలు రుసుము లేదు. ఈ చట్టములో ఉత్పత్తిదారుని బాధ్యత గురించి కొత్తగా ఒక అధ్యాయము చేర్చినారు. స్ప్రేయరు పగిలి మనిషి గాయపడుట వంటి హానికి అది బాగుగా ఉపకరించును. కాని ఆ హాని నిర్వచనములో వ్యాపార నష్టము, ఆర్థిక నష్టము చేరవు. పంట నష్టపు ఫిర్యాదును "లోపముగల వస్తువు" అను పాత దారినే వ్రాయుట క్షేమము. వకీలును ఈ ఒక్క సంగతి తప్పక అడుగవలెను.

ఫిర్యాదుతో బిల్లు, చీటీ, ఫొటోలు, అధికారికి ఇచ్చిన అర్జీ నకలు, తనిఖీ నివేదిక, రెండవసారి విత్తుటకు అయిన ఖర్చు వివరములు జతపరచవలెను. అన్నిటికిని నకళ్ళు ఉంచుకొనవలెను. గింజ మూటను ఫిర్యాదుతో ఇచ్చివేయరాదు. కమిషను అడిగినప్పుడు, ముద్ర చెడకుండ, రసీదు తీసికొని అప్పగించవలెను. రెండవ మూట ఇంటిలోనే ఉండవలెను.